ఇసుక కోసం పడ్డ తిప్పలు

మా నాలుగడుగుల ట్యాంకులో ఆరు రెడ్ హెడ్ తపజోస్ చేపలున్నాయి. బ్రెజిల్‌లో అమెజాన్‌లో కలిసే తపజోస్ నది వీటి సొంతూరు. వీటి జాతి పేరు జియోఫేగస్, గ్రీకులో మట్టి తినేది అని అర్థం. నిజానికి మట్టి తినవు, నోటి నిండా ఇసుక తీసుకుని, చప్పరించి, తిండి దొరికితే మింగి, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తాయి. అచ్చం బియ్యంలో రాళ్లు ఏరినట్టే.

ఇది తెలిసి కూడా పాత గులకరాళ్ల మీదే వదిలాను, షాపువాడు పర్లేదన్నాడని. మూడో రోజు ఒకదాని నోట్లో రాయి ఇరుక్కుంది. గంటసేపు అది నోరు తెరుచుకుని తిరుగుతుంటే నాకు టెన్షన్. చివరికి అదే ఉమ్మేసిందిలెండి.

ఇక ఇసుక వేట. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని బతిమాలి అర బస్తా తెచ్చి, వంటింట్లో పిండి జల్లెడతో జల్లించాను (మా ఆవిడ ఆ జల్లెడ మళ్లీ ముట్టలేదు, కొత్తది కొనాల్సొచ్చింది). గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోస్తే నురగ రాలేదు, అంటే సున్నం లేనట్టే. తర్వాత బాత్రూంలో బకెట్లో వేసి పైపు పెట్టి కడుగుతూనే ఉన్నాను, పదిహేనుసార్లు కడిగినా నీళ్లు టీ రంగే, ఇరవయ్యోసారికి గానీ తేటపడలేదు. రెండంగుళాల మందం చాలు, ఎక్కువ పోస్తే అడుగున కుళ్లుతుంది.

వారం తిరక్కుండా ఫిల్టర్ గరగరమంది. చేపలు ఎగజిమ్మిన ఇసుక లోపలికి పోయి ఇంపెల్లర్‌ని (నీళ్లను తిప్పే చిన్న చక్రం) పట్టేసింది. నీళ్లు లాగే గొట్టాన్ని జానెడు పైకి జరిపి స్పాంజి తొడిగాక ఆ గోల తగ్గింది. మొక్కలన్నీ చేపలే పీకేశాయి, చెక్కకు కట్టిన అనుబియాస్ ఒక్కటే మిగిలింది.

అసలు భయపడింది చేపల తల మీద చిన్న గుంటలు కనిపించినప్పుడు. నీళ్లలో చేపల వ్యర్థాల వల్ల పేరుకునే నైట్రేట్ చూస్తే లీటరుకు 80 మిల్లీగ్రాములు, చాలా ఎక్కువ, తప్పు నాదే, నీళ్లు మార్చి మూడు వారాలైంది. మా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి సగం ఆర్వో నీళ్లు కలిపి, ఇప్పుడు ప్రతి ఆదివారం సగం ట్యాంకు మారుస్తున్నాను, వేడి 28 డిగ్రీలు. గుంటలు పూడడానికి రెండు నెలలు పట్టింది.

మొన్న ఓ జంట పలకరాయి మీద గుడ్లు పెట్టింది. పొదిగాక పిల్లల్ని నోట్లో దాచుకుంటాయట. తెల్లారి చూస్తే గుడ్లు లేవు. నోట్లో ఉన్నాయో, పొట్టలో ఉన్నాయో!