ముప్పై ఐదు లక్షలకు ఎం5 దొరుకుతోంది సరే, రోజూ నడపగలమా?

2012–2014 నాటి బీఎండబ్ల్యూ ఎం5 (ఎఫ్10 మోడల్) ఒక్కోసారి కొత్త ఫార్చ్యూనర్ కన్నా తక్కువకే అమ్మకానికి కనబడుతుంది. 4,395 సీసీ వీ8 ఇంజిన్, రెండు టర్బోలు, 560 హార్స్‌పవర్, 680 న్యూటన్ మీటర్ల టార్క్. షోరూమ్‌లో ఉన్న రోజుల్లో కోటికి అటూ ఇటూగా పలికిన బండి ఇప్పుడు 35 లక్షలకు వస్తానంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ పడిపోయింది బండి రేటే. దాని బ్రేక్ డిస్కులు, ఇంజెక్టర్లు, టర్బోలు ఇవాళ్టికీ కోటి రూపాయల కారు సామానే, ఆ రేటుకే వస్తాయి. పూర్తిగా బయట తయారై దిగుమతైన మోడల్ కాబట్టి చాలా పార్టులు ఆర్డర్ పెట్టి వారాల తరబడి ఎదురుచూడాలి. ఆ వారాలన్నీ ఆఫీసుకు దేంట్లో వెళ్తారు? రోజువారీ బండి అనుకున్నప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

నా మాట ముందే చెప్పేస్తా. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ తిప్పడానికి, ఇంట్లో ఇంకో కారు లేకపోతే, ఎఫ్10 ఎం5 వద్దు. అదే డబ్బుకు ఇంకొంచెం కలిపి 2021 తర్వాతి బీఎండబ్ల్యూ ఎం340ఐ చూసుకుంటే పెట్రోలు, టైర్ల ఖర్చు భరించగలిగినవాళ్లకు అది నిజంగానే రోజూ నడిచే బండి. ఇక 2005–2010 మధ్య వచ్చిన ఈ60 ఎం5 సంగతంటారా, వీ10 శబ్దం వినడానికి బాగుంటుంది. కానీ ఇంజిన్ లోపలి కాన్‌రాడ్ బేరింగులు, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మార్చే ఎస్ఎంజీ గేర్‌బాక్స్ హైడ్రాలిక్ పంపు, ఇంజిన్‌కు వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ యాక్చుయేటర్లు అన్నీ ఖర్చు పెట్టించే రకాలే. దాన్ని ఆదివారం బండిగా తప్ప ఇంకోలా లెక్కేయకండి.

ఎఫ్10 ఇంజిన్‌తో చిక్కంతా వేడి దగ్గరుంది. మామూలు వీ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ బయటి వైపులకు పోతుంది. ఈ ఎస్63 ఇంజిన్‌లో రెండు టర్బోలూ, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లూ రెండు సిలిండర్ వరసల మధ్య లోయలోనే కూర్చున్నాయి. హైవే మీద గాలి తగులుతుంటే ఇబ్బంది లేదు. మే నెలలో అమీర్‌పేట దగ్గర అరగంట పాకితే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. చుట్టూ ఉన్న కూలెంట్ గొట్టాలు, రబ్బరు సీళ్లు, వైరింగ్ తొడుగులు, ప్లాస్టిక్ కనెక్టర్లు ఎండి పెళుసెక్కుతాయి. బండి ఆపాక కూడా ఫ్యాను, కూలెంట్ పంపు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. అది రిపేరు కాదు, దాని పద్ధతే అంత. ఆయిల్ సిలిండర్లలోకి జారకుండా ఆపే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయంటే మాత్రం ఖర్చు మొదలైనట్టే. ఎనిమిది సిలిండర్లకు నాలుగేసి చొప్పున 32 వాల్వులు, 32 సీళ్లు. సీలు రేటు తక్కువే, అక్కడిదాకా చేరడానికి విప్పే సామాను, పట్టే లేబర్ గంటలు జేబు ఖాళీ చేస్తాయి.

దీన్ని కొనకముందే పట్టుకోవచ్చు. ముందురోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయని బండి కావాలని అమ్మేవాళ్లకు గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష వృథా, మళ్లీ రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి అర నిమిషం వచ్చే పల్చటి తెల్ల ఆవిరికి భయపడక్కర్లేదు. తర్వాత ఓ పావుగంట నడిపి ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించి, పార్క్‌లో పెట్టి మరో పదిహేను నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలేయండి, యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఒకరు సైలెన్సర్ల వెనక పక్కగా నిలబడాలి, ఇంకొకరు ఒక్కసారిగా 3,000 ఆర్‌పీఎం దాకా తొక్కాలి. నీలం పొగ గుప్పున వచ్చిందంటే ఆ పదిహేను నిమిషాల్లో సీళ్లు దాటి జారిన ఆయిల్ మండుతున్నట్టు. తీపి వాసనతో ఆగకుండా వచ్చే తెల్ల పొగైతే కూలెంట్ లోపలికి పోతోంది. నల్ల పొగకు ఇంజెక్టర్ల వైపు చూడాలి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ చూసుకోవడానికి డిప్‌స్టిక్ ఉండదు, స్క్రీన్ మీద మెనూలోకి వెళ్లి కొలవాలి. ఆ రీడింగ్ ఫోటో తీసుకోండి. పాత ఓనర్ సర్వీసుల మధ్య ఎన్ని లీటర్లు టాపప్ చేశాడో బిల్లుల్లో వెతకండి.

ఎం5 గేర్‌బాక్స్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో వంతులవారీగా గేర్లు మార్చే రకం. వేగంలో దానికి వంక పెట్టలేం. ట్రాఫిక్‌లో అడుగడుగునా పాకేటప్పుడు మాత్రం క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో ఎత్తెక్కే ఫ్లైఓవర్ మీద ఆపి, మెల్లగా కదిలించి చూడండి. వణుకుతూ కదిలితే క్లచ్ సంగతి ఆలోచించాల్సిందే.

ఇప్పుడు ఎం340ఐ. 2021 మార్చిలో రూ.62.9 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది, చెన్నైలో బిగించిన బండి. 2,998 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, ఒకే టర్బో, 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాలకూ పవర్. సున్నా నుంచి 100కి 4.4 సెకన్లు. మన అవుటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద వేగపరిమితి గంటకు 120 కి.మీ. కాబట్టి 560 హార్స్‌పవర్‌కూ దీనికీ తేడా తెలిసే సందర్భం రేస్ ట్రాక్ మీద తప్ప రాదు. దీని బి58 ఇంజిన్ గట్టిదే, అయినా కొన్ని చూసుకోవాలి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ దగ్గర చెమ్మ ఉందా? కూలెంట్ ట్యాంకులో మట్టం గీతకు దిగువన ఉందా? కింద అండర్‌ట్రే విప్పించి చూడకపోతే లీకు కంటపడదు, కారిందంతా ట్రేలోనే నిలుస్తుంది.

ఈ మోడల్‌తో పెద్ద గండం ట్యూనింగ్. ల్యాప్‌టాప్ పెట్టి పవర్ పెంచడం చిటికెలో పని, అమ్మేముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించడమూ అంతే. కనిపెట్టాలంటే ఎయిర్ ఇన్‌టేక్ క్లాంపుల మీద స్క్రూడ్రైవర్ గీతలు, టర్బో నుంచి పొగను తీసుకెళ్లే డౌన్‌పైప్ బోల్టుల మీద కొత్త పానా గుర్తులు, కంపెనీవి కాని స్పార్క్ ప్లగ్గులు ఉన్నాయేమో చూడాలి. అధీకృత సర్వీస్ సెంటర్లో ఛాసిస్ నంబర్ ఇచ్చి రెండు సంగతులు అడగండి: సర్వీస్ ప్యాకేజీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎంతవరకు మిగిలాయి, మీ పేరుకు మారతాయా? వారంటీ మిగిలిన బండికి రెండు లక్షలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అక్కడే కంప్యూటర్ డయాగ్నసిస్ చేయించి, మీటర్లో ఉన్న కిలోమీటర్లనూ కారులోని మిగతా కంప్యూటర్ మాడ్యూళ్లలో నమోదైనవాటినీ పోల్చమనండి. మీటర్ తిప్పినవాడు అన్నిచోట్లా తిప్పడం మర్చిపోతుంటాడు.

ఎం340ఐలో ఉండే ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్‌కు ఆయిల్ మార్చక్కర్లేదని సర్వీస్ అడ్వైజర్లు చెబుతారు. గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000–1,20,000 కి.మీ. లేదా ఎనిమిదేళ్లు అంటుంది. నేను తయారుచేసినవాడి మాటే నమ్ముతాను. దీనికి ఫిల్టర్ ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఆయిల్ లెవల్‌ను ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30–50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూడాలి. ఇంజిన్ ఆపి లెవల్ చూసే మెకానిక్ చేతికి ఈ గేర్‌బాక్స్ ఇవ్వకండి.

ఇంజిన్ ఆయిల్ మార్చడానికి స్క్రీన్ చూపించే గడువు దాకా ఆగొద్దు. ఐదారు కిలోమీటర్ల దూరాలకు, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో తిరిగే బండికి 7,500–8,000 కి.మీ.కు మార్చడం మంచిది. ఆ చిన్న దూరాలకే బ్యాటరీ కూడా పూర్తిగా చార్జ్ కాదు. వీటిలో ఉండేది ఏజీఎం రకం, మామూలు బ్యాటరీ కాదు. కొత్తది వేశాక కారు కంప్యూటర్లో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే పాతదనుకునే చార్జ్ చేస్తుంది, కొత్తదీ తొందరగా పోతుంది.

టైర్ల విషయంలో తొందరపడి పొదుపు చేయకండి. ఎం340ఐకి ముందు 225, వెనక 255 వెడల్పు కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమం చేసుకునే వీలు లేదు. రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి, వేర్వేరు బ్రాండ్లు అయితే చక్రాల తిరుగుడులో తేడా వచ్చి, ముందుకూ వెనక్కూ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ క్లచ్ అనవసరంగా పనిచేస్తూ అరుగుతుంది. టైరు పక్కగోడ మీద డాట్ అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. కిలోమీటర్లు తక్కువ, టైర్లు ఒరిజినల్ అంటూ 2024 టైర్లు చూపిస్తే కారణం అడగాలి. గుంతల దెబ్బకు పక్కగోడ మీద బుడగ లేచి ఉంటే ఆ టైరు ఇక పనికిరాదు, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి. బ్రేక్ డిస్కు మీద కనీస మందం అచ్చై ఉంటుంది, వెర్నియర్‌తో కొలిపించండి.

నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకుని లెక్క వేద్దాం. ఎం340ఐ సిటీలో లీటరుకు ఏడున్నర ఇస్తే ఏడాదికి 1,600 లీటర్లు, లీటరు రూ.107 అనుకుంటే 1.71 లక్షలు. ఎం5 నాలుగున్నర ఇస్తే 2,667 లీటర్లు, అంటే 2.85 లక్షలు. 2023కు ముందు తయారైన బండికి ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) పడుతుందో లేదో పెట్రోలు మూత లోపలి స్టిక్కర్, యూజర్ మాన్యువల్ చెబుతాయి. అది వద్దనుకుని లీటరు రూ.160 స్థాయిలో ఉండే 100 ఆక్టేన్ పోయిస్తే ఎం5 లెక్క 4.27 లక్షలకు ఎక్కుతుంది. బీమాలో థర్డ్ పార్టీ భాగం 1,500 సీసీ దాటిన కారుకు 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం రూ.7,897 మాత్రమే, అసలు బరువు ఓన్ డ్యామేజ్‌ది, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగానిది. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ (బీమా లెక్కలో బండి విలువ) మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకునేదే. పార్టుల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్రిసియేషన్ అడిగితే చాలా కంపెనీలు వెనక్కి తగ్గుతాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పక తీసుకోండి, వానాకాలం నీళ్లు ఇన్‌టేక్‌లోకి పోతే మామూలు పాలసీ ఆదుకోదు. టైర్లు, బీమా, సర్వీసు కలిపితే ఎం340ఐకి ఏడాదికి నాలుగు లక్షల దగ్గర, ఎం5కు రిపేర్ల నిధితో కలిపి ఎనిమిది తొమ్మిది లక్షలు నా అంచనా. ఇందులో ఈఎంఐ లేదు. 30 లక్షలు 13 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.68,250. అప్పు చేసి కొనేవాళ్లు బండి ధరలో ఐదో వంతు విడిగా బ్యాంకులో ఉంచుకోలేకపోతే ఆగడం మంచిది.

కాగితాల దగ్గర ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండ్లతో జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న నిబంధన భయంతో తక్కువకు అమ్మేస్తుంటారు, దాని అమలు కోర్టు ఉత్తర్వులతో మారుతూ వస్తోంది. ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, నంబర్ మార్పు ఖర్చు కలిపాక ఆ చౌక ఎంత మిగులుతుందో ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కోండి. ప్రభుత్వ వాహన్ వెబ్‌సైట్లో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు) తొలగిందా, చలానాలున్నాయా చూసి, యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పాలసీ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయకపోతే ఆ తర్వాత జరిగే డ్యామేజీకి క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.