శాంటియాగో నుంచి మెండోజాకు: కొండ అడ్డున్న దూరం

చిలీ రాజధాని శాంటియాగోకూ, అర్జెంటీనాలో ద్రాక్షతోటలకు పేరుపొందిన మెండోజాకూ మధ్య నేరుగా గీత గీసి కొలిస్తే సుమారు 180 కిలోమీటర్లు. శాంటియాగోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు జూలై ప్రయాణానికి టిక్కెట్టు చూసుకుంటూ, "పదింటికి బయలుదేరి పన్నెండు దగ్గర పడ్డాక దిగుతుందట, ఇంత దగ్గరకి అంతసేపా మావయ్యా?" అని ఫోనులో అడిగాడు. ఒడిశాలోని జయపురంలో పుట్టి, సాలూరు ఘాటు ఎక్కి దిగుతూ పెరిగినవాడు దూరాన్ని గీతతో కొలవడం నాకు వింతగానే తోచింది. జయపురం నుంచి విశాఖపట్నం గీత మీద 145 కిలోమీటర్లయితే రోడ్డు మీద 220 దాటుతుంది, సుంకి మలుపుల్లో బరువు లారీ ముందుంటే ఇక గంటల లెక్క చెప్పలేము.

మన కొరాపుట్ జిల్లాలోని దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. ఆ రెండు నగరాల మధ్య విమానాలు దాటే ఆండీస్ వరుసకు కాస్త ఉత్తరాన ఉన్న అకొంకాగువా 6,961 మీటర్లు. రోడ్డు సుమారు 360 కిలోమీటర్లు, పాము చుట్టల్లాంటి మలుపులు ఎక్కి 3,200 మీటర్ల ఎత్తున సొరంగంలో సరిహద్దు దాటుతుంది. చలికాలంలో మంచు పడితే ఆ దారి మూసేస్తారు, అక్కడ జూలై అంటే చలికాలమే కాబట్టి అప్పుడు బస్సును నమ్ముకోవడం తెలివైన పని కాదు.

విమానం మాత్రం పావుగంటలో దాటేయదు. తక్కువ దూరంలోనే శిఖరాలకు బాగా పైకి ఎక్కాలి, దాటిన వెంటనే దిగడం మొదలుపెట్టాలి, నేల మీద మెల్లగా నడిచే సమయమూ టిక్కెట్టు లెక్కలోకే వస్తుంది. ఇవన్నీ కలిసి యాభై, అరవై నిమిషాలవుతాయి. పైగా పసిఫిక్ వైపునుంచి వీచే పడమటి గాలి శిఖరాలను దాటాక కెరటంలా లేచి పడుతుంది కనుక, ఆ భాగంలో బెల్టు బిగించుకోమని ముందే హెచ్చరిస్తారు.

ఆ గాలిని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో 1972 అక్టోబరు 13న తెలిసింది. రగ్బీ ఆటగాళ్లతో శాంటియాగోకు వెళుతున్న ఉరుగ్వే వైమానిక దళ విమానం మెండోజా నుంచి లేచి, ఎత్తయిన శిఖరాలను తప్పించుకోవడానికి దక్షిణాన ప్లాంచన్ కనుమ మీదుగా తిరిగి వెళ్లింది. చిలీలోని కురికో చేరాక ఉత్తరానికి తిరగాలి. కింద మబ్బు కమ్మి నేల కనబడలేదు, ఎదురుగాలి వేగాన్ని తగ్గించింది, అయినా కురికో వచ్చేసిందనుకొని కొండల నడుమనే తిప్పారు, విమానం కొండను ఢీకొని కూలిపోయింది. విమానంలో ఉన్న 45 మందిలో 16 మంది 72 రోజులు మంచులో గడిపి బతికి బయటపడ్డారు. తాము చిలీలో ఉన్నామనే వారు నమ్మారు, నిజానికి విమానం పడినచోటు అర్జెంటీనా నేల.

మావాడి టిక్కెట్టులోని రెండో గంటకు మాత్రం కొండతో పనిలేదు. అర్జెంటీనా ఏడాది పొడవునా ఒకే వేళ పాటిస్తుంది, చిలీ మాత్రం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా గడియారాన్ని గంట వెనక్కి పెట్టుకుంటుంది. అందుకే జూలైలో మెండోజాకు పోతే రెండు గంటలు పట్టినట్టుంటుంది, తిరుగు ప్రయాణంలో పదింటికి లేచిన విమానం ఇంచుమించు పదింటికే దిగుతుంది. ఇది చెప్పి, పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు తీసుకోమన్నాను, అకొంకాగువా ఉండేది ఆ వైపే.