నొప్పి లేని గడ్డకి డాక్టరెందుకు అన్నవాళ్లకి

నిన్ననే బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. క్యాన్సర్ కాదు, ఫంగస్ కనపడలేదు. ఎప్పుడో విరిగి అరికాల్లో ఉండిపోయిన తుమ్మముల్లు ముక్క, దాని చుట్టూ ఒళ్లు కట్టుకున్న గట్టి కండ. ప్రాణం కుదుటపడింది. కానీ ఇంట్లో, వీధిలో, చివరికి ఆస్పత్రిలో కూడా "నొప్పి లేదుగా, మరెందుకు?" అన్న మాట విని విని విసిగిపోయి ఇది రాస్తున్నాను.

పాదం మీద గడ్డకి నొప్పిని కొలతగా పెట్టుకోవడమే తప్పు. ఆనెకాయ అడుగు వేయనివ్వదు, అయినా షుగరు లేనివాళ్లకి దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. మదురా పాదం అనే జబ్బు మాత్రం ఏళ్ల తరబడి పెద్దగా నొప్పి లేకుండానే ఎముక దాకా పోతుంది. 1842లో మదురైలో గుర్తించి రాశారు కాబట్టి ఆ పేరు. ఉత్తకాళ్లతో చేలో తిరిగేవాళ్లకి ముల్లు, మట్టి ద్వారా వచ్చే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గానీ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చలేదు.

ముందు ఇంట్లోనే తేల్చుకోదగ్గది ఒకటుంది. గడ్డ మీది చర్మాన్ని వేలితో అటూ ఇటూ జరపండి. గడ్డ చర్మంతో పాటే కదిలితే అది చర్మంలోది. చర్మం గడ్డ మీద జారితే లోపలిది. చర్మంలోదైతే చాలాసార్లు ఆనెకాయో పులిపిరో అవుతుంది. పైనుంచి నొక్కితే నొప్పి పుట్టేది ఆనె, రెండు పక్కల నుంచి పిండితే నొప్పి పుట్టేది పులిపిరి. పులిపిరి మీద చర్మపు గీతలు తెగిపోయి ఉంటాయి, నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన సన్న రక్తనాళాలు. ఆనెకి 40 శాతం శాలిసిలిక్ యాసిడ్ ఉన్న కార్న్ క్యాప్ పనిచేస్తుంది. షుగరు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, బ్లేడు అసలే వద్దు. స్పర్శ తగ్గిన పాదంలో మంచి చర్మం కాలినా, తెగినా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది.

లోపలి గడ్డల్లో పాదం పైభాగాన మెత్తగా, ఒకసారి పెరిగి ఒకసారి తగ్గేది సాధారణంగా గ్యాంగ్లియన్, అంటే జిగురు నీరు నిండిన తిత్తి. చీకటి గదిలో టార్చి ఆనిస్తే వెలుగు లోపలికి పాకుతుంది. పాదం వంపులో గట్టిగా, కదలకుండా ఉండేది ఫైబ్రోమా, అంటే క్యాన్సర్ కాని పీచు గడ్డ కావచ్చు. ఇవి తొందరపెట్టవు. అయినా ఒకసారి చూపించి పేరు పెట్టించుకోవాలి. ఎందుకంటే పాదంలో వచ్చే సైనోవియల్ సార్కోమా అనే క్యాన్సర్ కూడా చిన్నగా, నెమ్మదిగా, నొప్పి లేకుండా ఏళ్లపాటు ఉండగలదు. గడ్డ పెరుగుతున్నా, నల్లమచ్చ ఆకారం మారుతున్నా, చిన్న రంధ్రం పడి అందులోంచి రసితో పాటు నల్లవో తెల్లవో నలకలు వస్తున్నా, గతంలో ముల్లు దిగిన చోటే లేచినా వాయిదా వేయొద్దు. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే వెళ్లండి.

నాది మిరప చేలో ముల్లు దిగిన చోటే లేచింది. గోళీకాయంత, గట్టిగా, నొక్కినా ఏమీ అనిపించదు. జిల్లేడు పాలు పెట్టమన్నారు, ఊళ్లో ఆర్‌ఎంపీ కోసి పిండుతానన్నాడు. రెండూ వద్దన్నాను. లోపల ఏముందో తెలియకుండా కోస్తే ముల్లు విరిగి ఇంకా లోతుకు పోతుంది. అది కణితే అయితే తర్వాత చేసే ఆపరేషన్ మరీ కష్టమవుతుంది.

ఆస్పత్రిలో చర్మం వాళ్లు ఎముకల వాళ్ల దగ్గరికి, వాళ్లు సర్జరీకి పంపారు. సర్జరీ ఓపీలో కూర్చున్నాయన నన్ను చెప్పు విప్పమని కూడా అనలేదు. ఎక్స్‌రే రాశాడు. ఫిల్ము కిటికీ వైపు ఎత్తి చూసి, "ఎముక బానే ఉంది, ముల్లూ లేదు, గిల్లూ లేదు. పనీపాటా లేక వస్తారు" అని క్యూలో ఉన్నవాళ్లంతా వినేలా అన్నాడు. ముల్లు ఎక్స్‌రేలో కనపడదు కదండీ అన్నాను. "డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు. వెనక వాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

నేనన్నది నిజమే. ఇనుము, రాయి, చాలావరకు గాజు ఎక్స్‌రేలో పడతాయి. ముల్లు, పుల్ల దాదాపు పడవు, వాటికీ మన కండకీ అందులో తేడా తెలియదు. వాటికి అల్ట్రాసౌండ్ కావాలి, అదీ చర్మం దగ్గరి భాగాలు చూసే లీనియర్ ప్రోబ్‌తో (ప్రోబ్ అంటే ఒంటికి ఆనించి చూసే పరికరం). పొట్ట చూసే ప్రోబ్‌తో చేస్తే దండగ. బయట స్కానింగ్ సెంటర్లో డబ్బు కట్టి చేయించాను. ముల్లు దిగిన చోట ముందే పెన్నుతో గుర్తు పెట్టుకుని వెళ్లండి, చీటీ మీద "ఫారిన్ బాడీ అనుమానం", అంటే లోపల బయటి వస్తువేదో ఉందన్న అనుమానం అని రాయించుకోండి. తెర మీద సన్నటి తెల్లగీత, దాని వెనక నల్లటి నీడ, చుట్టూ నల్లటి వలయం స్పష్టంగా కనపడ్డాయి. ఆ ఫిల్ము తీసుకెళ్లి అదే ఓపీలో పెద్ద డాక్టరు ముందు పెట్టాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి పాదం చేత్తో పట్టి చూశాడు. డాక్టరంటే అలా ఉండాలి.

తీయడం తేలికే, మత్తు సూది ఒక్కటే నొప్పి. టీటీ వేయించుకున్నారా లేదా ముందే చెప్పండి. అసలు జాగ్రత్త డబ్బా దగ్గర. తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా ఉంచే మందునీళ్లలో వేస్తారు. అది బయాప్సీకి సరిపోతుంది గానీ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది, ఇక కల్చర్‌కి, అంటే ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి ఏదో తేల్చే పరీక్షకి పనికిరాదు. కొంత ముక్క స్టెరైల్ సెలైన్‌లో విడిగా వేయమని కోతకు ముందే అడగాలి. మదురా పాదం ఫంగస్ వల్ల వస్తే నెలల తరబడి ఇట్రాకోనజోల్ వాడాలి, బాక్టీరియా వల్ల వస్తే యాంటీబయాటిక్స్. ఒకదానికి ఇంకోటి వాడితే కాలం వృథా, పాదం పోతుంది. నేను అడిగితే నర్సమ్మ మారు మాట్లాడకుండా రెండు డబ్బాలు తెచ్చింది. వాటిని ల్యాబుకి మోసుకెళ్లేది మనవాళ్లే, కాబట్టి మూత మీద పేరు, ఓపీ నంబరు, ఏ కాలో రాశారా అని చూసుకోండి.

అరికాలి కుట్లు మామూలుగా 14 నుంచి 21 రోజుల దాకా ఉంచుతారు, ముందే విప్పితే నడకకి విచ్చుకుంటాయి. ఫంగస్ కల్చర్‌ని వారాల తరబడి ఉంచి చూశాక గానీ లేదని తేల్చరు. నాది ఇంకా రావాలి. ల్యాబువాళ్లు ఫోన్ చేస్తారని కూర్చోకండి, రసీదు పట్టుకుని మనమే వెళ్లి అడగాలి.