అక్కతో మూడు రోజులు తిరుపతిలో

నారాయణాద్రి రైలు దిగితే ఎప్పుడూ నేరుగా కొండ బస్సు ఎక్కడమే నాకు అలవాటు. ఈసారి ఆటో మాట్లాడుకొని అక్క వాళ్ళింటికి పోయాను. అమ్మ పోయాక ఆరేళ్ళుగా మా మధ్య పండగ ఫోన్లే, అవీ "బాగుండారా, బాగున్నాం" దగ్గరే అయిపోయేవి. గొడవేమీ పడలేదు. పడుంటే పెద్దవాళ్ళెవరో ఒకరు రాజీ చేసేవాళ్ళు.

ఆటోలో ఉన్నంతసేపూ ఏం మాట్లాడాలా అని టెన్షన్. అక్క ముగ్గు వేస్తూ తలెత్తి చూసి, "వస్తివా అబ్బోడా, ఆ గిన్నె తీసుకోని పాలు పోయించుకురా పో" అంది. అంతే, ఆరేళ్ళ పలకరింపు అయిపోయింది.

మరుసటి రోజు చీకటితోనే అలిపిరి. 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2388 మెట్లే కదా, తొందరగా అయిపోతుంది అన్నాను. "తొందరగా అయిపోయేదానికి నడిచేదెందుకు, బస్సులో పోతే పోలా" అంది. ఆమెకు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే మొక్కుంది. ఆమె వంగి తడి పసుపు రాస్తే, వెనకాలే నేను కుంకుమ బొట్టు పెట్టాలి. గాలిగోపురం వరకు "కొంచెం జరుగు", "నీళ్ళు ఇటియ్యి" తప్ప మాటల్లేవు. అది దాటాక ఏం గుర్తొచ్చిందో, ఊరిబిండిలో, అదే మా రోటి పచ్చడిలో, అమ్మ ఉప్పు రెండుసార్లు వేసిన రోజు, నాన్న నోరు మెదపకుండా చెంబెడు మజ్జిగ తాగి లేచిపోయిన సంగతి ఎత్తుకుంది. నవ్వుల్లో ఒక మెట్టు వదిలేసి, మళ్ళీ కిందికి దిగి పెట్టొచ్చాం. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి కదా, అక్కడ మాత్రం ఇద్దరికీ ఊపిరి చాలక మాటలు ఆగాయి.

దర్శనం గురించి అందరూ రాసేదే, నేను వదిలేస్తున్నా.

నాకు మిగిలింది మూడోరోజు మధ్యాహ్నం, అక్క చేసిన రాగిసంగటి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పైన కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలకాలి. గిన్నె జారకుండా గుడ్డతో నేను పట్టుకున్నాను, అక్క రెండు చేతులతో గెలికింది, చెయ్యి తడుపుకొని ముద్దలు చేసింది. చెనిక్కాయల ఊరిబిండితో రెండు ముద్దలు తిని అక్కడే నేలమీద నిద్రపోయాను.

వచ్చేటప్పుడు రెండు కిలోల పిండి కట్టిచ్చింది. ఆదివారం హైదరాబాదులో నేనే చేస్తే అంతా ఉండలు కట్టింది. ఫోన్ చేశాను.

"పిండి పొయ్యగానే గెలికినావా?"

"ఊ."

"నీకు అన్నిటికీ తొందరే. పొయ్యి సన్నం చెయ్యి, ఫోన్ పెట్టద్దు, నేను చెప్తా."

పెట్టలేదు. ఉండలు పోలేదుగానీ, నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.