ఎర్రనీరా, వెలిసిన రంగా?

గోదావరి డెల్టా బ్రాంచి రైలు లైన్ల పాత కలర్ ఫొటోలు స్కాన్ చేసేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది కాలువ నీళ్ల దగ్గరే. ఫొటో ఎర్రగా కనబడగానే రంగును దానంతటదే సరిచేసే ‘ఆటో కలర్’ నొక్కేస్తారు. కానీ జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద తగిలాక మన కాలువల్లో పారేది నిజంగానే ఎర్రనీరు. సాఫ్ట్‌వేర్ దాన్ని బూడిదరంగు చేసేసిందంటే, ఆ ఫొటో ఏ రోజుల్లో తీసిందో చెప్పే ఆధారం పోయినట్టే. ఇప్పుడు పట్టాలే లేని చోట అలాంటి ఆధారం మళ్లీ దొరకదు.

అసలు ఏ లైనుకి నిజమైన కలర్ ఫొటో ఉండే వీలుందో ముందు చూసుకోవాలి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేసి రైలు నడిపింది 2004లో. కోడాక్ కంపెనీ కలర్ ఫిల్ము కోడాక్రోమ్ మార్కెట్లోకి వచ్చిందే 1935లో. కాబట్టి ఆ మొదటి లైను మీద పొగబండి రంగుల్లో కనబడితే, నలుపు తెలుపు ఫొటోకి కంప్యూటర్లో వేసిన రంగేమోనని ముందు అనుమానించండి. అలాంటి రంగును పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదు. 2004 తర్వాత తిరిగిన ఒంటిపెట్టె రైల్‌బస్సు ఫొటోల సంగతి వేరు. అవి డిజిటల్ ఫైళ్లయితే వాట్సాప్‌లో తిరిగిన కాపీ వద్దు, తీసినవాళ్ల దగ్గర అసలు ఫైలే అడగండి. తీసిన తేదీ అందులోనే ఉంటుంది.

గుడివాడ–భీమవరం లైను మొదట మీటర్‌గేజ్. పాత స్లైడులో (ఫ్రేములో బిగించిన ఫిల్ము ముక్కలో) ఉన్నది ఏ గేజో తేలకపోతే, బండి ఎదురుగా వస్తున్న ఫ్రేము వెతకండి. పెట్టె వెడల్పు పట్టాల మధ్య దూరానికి రెండున్నర రెట్లు దాటితే మీటర్‌గేజ్ (పట్టాల మధ్య 1,000 మి.మీ., పెట్టె సుమారు 2.7 మీటర్లు). రెండు రెట్లకు కాస్త తక్కువుంటే బ్రాడ్‌గేజ్ (1,676 మి.మీ., పెట్టె సుమారు 3.25 మీటర్లు). స్లీపర్ల పొడుగు చూసి చెప్పాలనుకోకండి. రెండు గేజుల్లోనూ ఆ నిష్పత్తి దగ్గరదగ్గరగానే ఉండి మోసం చేస్తుంది.

ఇక రంగు. 1970ల నాటి కలర్ ప్రింట్లు చాలావరకు ఆల్బంలో చీకట్లో ఉన్నా ఎర్రబడతాయి. కాగితంలోని మూడు రంగుల్లో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) ముందు వెలిసిపోవడమే దీనికి కారణం. ఎరుపు కాంతిని ఆపేది సయానే. అది పోతే నల్లగా ఉండాల్సిన నీడలోంచి కూడా ఎరుపు పైకి వస్తుంది. కోడాక్రోమ్ స్లైడులు మాత్రం చీకట్లో బాగా నిలబడతాయి. వాటి అట్ట ఫ్రేముల మీద కడిగిన నెల, సంవత్సరం ముద్ర ఉండొచ్చు, ఫ్రేము మార్చినా పాతది పారెయ్యకండి.

ఎర్రదనం ఫొటోదా, నీళ్లదా అన్నది తేల్చడానికి ఫొటోలో తెల్లగా ఉండితీరాల్సిన వస్తువు ఒకటి వెతకాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ రైతు పంచె, సున్నం కొట్టిన గేటు గది గోడ, కిలోమీటరు రాయి, ఏదైనా సరే. పంచె తెల్లగా ఉండి నీళ్లు ఎర్రగా ఉంటే అది వరదనీరు, ముట్టుకోకండి. పంచె కూడా గులాబీరంగు తిరిగితే ప్రింటు వెలిసింది. అప్పుడు ఫొటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ అనే సాధనంలో రెడ్ ఛానల్ (ఎరుపు పాలు) ఒక్కటే తెరిచి, ఎడమవైపు గుర్తును కుడికి జరుపుతూ రండి. బొగ్గింజను చక్రాల నీడ ఎరుపు పోయి నలుపుకి రాగానే ఆపాలి. తర్వాత అదే ఛానల్లో మధ్య గుర్తుతో పంచె సరిచెయ్యండి. గ్రీన్ ఛానల్ జోలికి ముందే వెళ్తే వరిచేలన్నీ ఒకే పచ్చదనంలోకి వచ్చేస్తాయి. నారుమడి లేతపచ్చకీ, పొట్టకొచ్చిన చేనుకీ తేడా ఉండదు.

ఆ తేడా నాకు చాలా ముఖ్యం. లేతపచ్చ నారుమళ్లు, ఎర్రనీరు కలిసి కనబడితే సార్వా (ఖరీఫ్ వరి) మొదలు. పండిన చేను, కాలువ నిండా తేట నీరు ఉంటే నవంబరు, డిసెంబరు. కాలువ ఎండి అడుగు బురద బీటలు వారితే ఏప్రిల్ ఆఖరుకీ జూన్‌కీ మధ్య, అంటే దాళ్వా (రబీ వరి) కోతలయ్యి కాలువలు కట్టేసిన రోజులు. సంవత్సరానికి పెట్టెల రంగు కొంత దారి చూపిస్తుంది. ముదురు మెరూన్ పెట్టెలైతే పాతవి. ఎయిర్ బ్రేకుల పెట్టెలకు నీలం వేయడం 1990లలో మొదలైంది. దిద్దాక మెరూన్ మట్టిరంగులోకి దిగిందంటే ఎరుపు ఎక్కువ లాగేశారని అర్థం. స్టేషన్ బోర్డు పసుపు కూడా ఒకసారి సరిచూసుకోండి.

స్కాన్ చేసేటప్పుడు పోస్టుకార్డు సైజు ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, అంతకు మించితే కాగితం గరుకుతనం తప్ప కొత్తగా ఏమీ రాదు. 35 ఎంఎం నెగటివ్, స్లైడులకు 4,000. ఛానల్‌కి 16 బిట్లు, టిఫ్ ఫైలు, ఆటో సవరణలన్నీ ఆపేసి. ఒక్కో ఫ్రేము దాదాపు 130 ఎంబీ అవుతుంది, భరించాల్సిందే. 8 బిట్లలో రెడ్ ఛానల్ సాగదీస్తే ఆకాశంలో చారలు పడతాయి. దుమ్ము మచ్చలు తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం కోడాక్రోమ్ మీద సరిగా పనిచెయ్యదు, దానికి ఆపెయ్యండి.

డెల్టా తేమలో అసలు శత్రువు బూజు. బూజు పట్టిన ఫిల్మును నీళ్లతో తుడవకండి. బూజు తిన్న జెలటిన్ నీటికి కరిగి బొమ్మతో సహా ఊడొస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి ముందు ఆరనివ్వాలి. తర్వాత ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో దులపాలి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కున్న ప్రింటు కిందికి డెంటల్ ఫ్లాస్ దూర్చి, రంపంలా మెల్లగా ఇటూ అటూ లాగండి. ఫ్రేము అద్దానికి కరుచుకున్నది పీకకండి, అద్దంతోనే స్కాన్ చెయ్యండి. ఫ్రేము అంచు కింద దాగిన సన్నటి పట్టీ కూడా స్కానులో రావాలి. వెలుతురు తగలని ఆ పట్టీకీ మిగతా బొమ్మకీ తేడా చూస్తే ఎండకి ఎంత వెలిసిందో తెలుస్తుంది.

నెగటివ్‌లను పీవీసీ కవర్లలోంచి తీసి పాలిప్రొపిలీన్ కవర్లలోకి మార్చండి. నాఫ్తలీన్ ఉండలు దగ్గర పెట్టొద్దు. బీరువా బయటి గోడకి ఆనకుండా చూసుకోండి. దిద్దిన ఫైలు పక్కనే దిద్దని స్కాను కూడా ఉంచాలి. వెనక కాగితానికి ప్లాస్టిక్ పూత ఉన్న ప్రింట్ల మీద పెన్నుతో రాస్తే సిరా పక్క ఫొటోకి అంటుకుంటుంది. స్టేషన్ పేరు, గేటు నంబరు, బండి ఎటు వెళ్తోంది అన్న వివరాలు ఫొటో లోపల పెట్టకముందే కవరు మీద రాసెయ్యండి.