నలభై రెండేళ్లకు మాసిక వేయడం నేర్చుకున్నాను

మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ తొక్కడం మానేశాక, ఆమె కాలిమిషన్ చాలా ఏళ్లు పాత దుప్పటి కింద ఉండిపోయింది. గత వేసవిలో, నా నలభై రెండో ఏట, దాన్ని తుడిచి నూనె వేశాను. తొడల లోపలివైపు ఒరిపిడికి చిరిగిన నాలుగు ప్యాంట్లు బీరువా అడుగున పడి ఉన్నాయి. తక్కిన గుడ్డంతా గట్టిగా ఉండగా వాటిని పారేయడానికి మనసొప్పలేదు, అంత చిన్న పని ఒప్పుకునే తీరిక మా వీధి దర్జీకి లేదు.

మొదటి వారం అక్క నా చేతికి గుడ్డే ఇవ్వలేదు. సూదిలో దారం తీసేసి, గీతల నోటుపుస్తకం కాగితం పెట్టి, గీత మీదే రంధ్రాలు పడేలా తొక్కమంది. చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి; వెనక్కి తిరిగితే దారం చిక్కుపడి తెగిపోతుంది. "గుడ్డను లాగకురా, దారి చూపించు చాలు. ముందుకు జరిపే పని కింద పళ్లు చూసుకుంటాయి" అని అక్క ఎన్నిసార్లు చెప్పిందో.

గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా వేలాడినప్పుడు తప్పు కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుని, దాని కేసుకున్న చిన్న స్క్రూను రెండు రోజులు అటూ ఇటూ తిప్పాను. తప్పు పైన ఉంది. సూది పైదారాన్ని గుడ్డలోంచి దింపి కొద్దిగా లేవగానే ఏర్పడే ఉచ్చును షటిల్ కొక్కెం అందుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. ఆ రెండు దారాలూ గుడ్డ మందంలోనే పెనవేసుకోవాలి. పైదారానికి బిగువు లేకపోతే ఉచ్చు పైకి రాక అడుగునే మిగిలిపోతుంది. నేను గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదాన్ని దించి ఉంచి దారం ఎక్కించడంతో, పైదారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉండి, వాటి మధ్యకు అది వెళ్లనే లేదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కిస్తే కుట్టు చదునుగా పడింది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషన్‌లోనూ సూదికి కన్ను మొన దగ్గరే ఉంది, కింద రెండో దారమూ ఉంది. ఆ ఏర్పాటు మా వరండాలో ఇంకా పనిచేస్తుండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

మొదటి ప్యాంటుకు చిరుగు ఉన్నంత మేరకే మాసిక వేశాను. నెల తిరగకుండా ఆ మాసిక అంచు పక్కనే మళ్లీ చిరిగింది, ఎందుకంటే చుట్టూ ఉన్న గుడ్డ కూడా అప్పటికే అరిగిపోయి ఉంది. ఇప్పుడు ముందుగా గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పలచబడిన చోటంతా సుద్దతో గీసి, దానికి అంగుళం అవతలి వరకు మాసిక కత్తిరిస్తున్నాను. మాసిక పడుగు, అంటే నిలువు పోగులు, ప్యాంటు పడుగు వెంటే ఉండాలి, లేకపోతే ఉతికాక ముడతపడుతుంది. మూలలు గుండ్రంగా ఉంటే త్వరగా లేచిపోవు. మా మిషన్‌కు తిన్నని కుట్టు తప్ప రాదు కనుక, లోపలివైపు మాసిక పెట్టి, ప్యాంటు రంగు దారంతో దగ్గర దగ్గరగా వరుసలు వేస్తాను. అన్నిటికంటే మేలు, చిరగకముందే ఈ పని చేయడం.

గుండీలు సులువే, గుడ్డకూ గుండీకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల తీసి, ఆ సందులో దారం చుట్టితే చాలు.

అమ్మ మంగళగిరి నూలు చీరకు ఫాల్ వేయడానికి మాత్రం మూడు సాయంత్రాలు పట్టింది. ఫాల్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. కింది అంచు మిషన్ మీద వేసి, పై అంచును చేత్తో, చీరలో ఒకటి రెండు పోగులే సూదికి అందేలా కుట్టాను. అమ్మ చీర తిరగేసి, కుట్లు పైకి కనబడుతున్నాయేమోనని వేలితో తడిమి చూసి, మర్నాడు కట్టుకుంది.

నాలుగో ప్యాంటుకు జిప్ కూడా మార్చాలి. దర్జీ ఏ కుట్టు తర్వాత ఏ కుట్టు వేశాడో తెలుసుకోవడానికి, పాత జిప్‌ను రోజుకు కొంచెం చొప్పున విప్పుతూ, ఆ వరుసను కాగితం మీద రాసుకుంటున్నాను.