తడబడే కాలు, తడబడే నాలుక

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మొన్న స్కూల్ నుంచి ఒక వర్క్‌షీట్ తెచ్చుకుంది. ఎడమవైపు ఆరు మాటలు, కుడివైపు ఆరు బొమ్మలు, గీత గీసి కలపాలి. స్టాగర్, టాటర్, టాడిల్, లర్చ్, వాబుల్, స్టంబుల్. పెన్సిల్ చివర కొరుకుతూ కాసేపు చూసి, "నాన్నా, వీటిని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది.

మొదటిదానికి "తూలడం" అన్నాను. రెండోదానికీ అదే నోటికొచ్చింది. మూడోదానికి "తడబడటం" అని, నాలుగో దాని దగ్గర మళ్లీ "తూలడం" దగ్గరికే వచ్చాను.

"అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు?" అంది.

అది పట్టుకుంది నన్ను. పిల్ల పడుకున్నాక ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లిష్‌లో ఈ మాటలు నడక ఎలా ఉందో చెప్పి ఊరుకోవు, నడిచేది ఎవరో కూడా పట్టిస్తాయి. టాడిల్ అంటే పసివాళ్ల నడక, టాడ్లర్ అనే పేరు దాన్నుంచే వచ్చింది. టాటర్ అనగానే ముసలివాళ్లో, రేపోమాపో కూలేలా ఉన్న గోడో కళ్ల ముందుకొస్తుంది. స్టాగర్ అయ్యేవాడు దెబ్బ తిని ఉండాలి, తాగి ఉండాలి, లేదా మోయలేని బరువు మోస్తూ ఉండాలి. స్టంబుల్ అవ్వాలంటే ఎక్కువగా కాలికి ఏదో ఒకటి తగలాలి. లర్చ్ అంటే ఉన్నట్టుండి ఒక్కసారిగా పక్కకి ఒరగడం. వాబుల్ కావడానికి మనిషే అక్కర్లేదు, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ చాలు.

మరి మన దగ్గర ఇవన్నీ లేవా? ఉన్నాయి, కాకపోతే వేరే చోట ఉన్నాయి. వచ్చాడు, వెళ్లాడు, ఎక్కాడు, దిగాడు అంటూ మన క్రియ ఎటు కదిలారో చెబుతుంది. ఎలా కదిలారో చెప్పే పని పక్కనున్న మాటది: తూలుతూ వచ్చాడు, కుంటుకుంటూ వెళ్లాడు, గునగునా నడిచింది, బుడిబుడి అడుగులు వేసింది. లెనార్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త 1985లో రాసిన వ్యాసంలో, కదలికను చెప్పేటప్పుడు ఏ భాష క్రియలోకి ఏం చేరుతుందో పోల్చి చూపించాడు. ఇంగ్లిష్ క్రియలోకి నడక తీరు చేరిపోతుంది. అందుకే మా అమ్మాయి ఒక్కో ఇంగ్లిష్ మాటకి ఒక్కో తెలుగు మాట అడిగితే నాకు దొరకలేదు. నా తెలుగు తగ్గిపోయిందేమోనని ఆ రాత్రి వచ్చిన టెన్షన్ ఇది అర్థమయ్యాక తగ్గింది.

మర్నాడు ఇద్దరం హాల్లో నడిచి చూశాం. నేను మాట అంటాను, తను నడిచి చూపించాలి. "బుడిబుడి" అనగానే మోకాళ్లు వంచి, చేతులు రెండూ కాస్త పైకెత్తి, చిన్న చిన్న అడుగులు వేసింది. "తూలుతూ" అంటే సోఫా దాకా వెళ్లి దాని మీద పడింది. "తప్పటడుగులు" అన్నప్పుడు మాత్రం కదల్లేదు.

"తప్పు అడుగులా? బేబీ ఏం తప్పు చేసింది?"

నలభై ఏళ్లుగా వాడుతున్న మాట, నేనెప్పుడూ విడదీసి చూడలేదు. పసిపాప వేస్తే చూసి మురిసిపోయే తప్పటడుగు, పెద్దవాడు వేస్తే నింద అవుతుంది. మాట అదే. పాప తప్పేం లేదమ్మా, పడకుండా నడక రాదు, అన్నాను. నడక నేర్చుకునే పిల్లల్ని కేరెన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం గమనించి 2012లో లెక్కలు ప్రచురించింది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకి సగటున 2,368 అడుగులు వేశారట, 17 సార్లు పడ్డారట. ఆ పదిహేడు విని మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "గంటకా? అన్నిసార్లు పడితే ఎవరూ తిట్టరా?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే తిట్టాను. నడకలో తడబడినప్పుడు ఎప్పుడూ లేదు, మాటలో తడబడినప్పుడు.

తెలుగులో కాలూ తడబడుతుంది, నాలుకా తడబడుతుంది. ఇంగ్లిష్‌లో ఫాల్టర్ కూడా అంతే, అడుగుకీ గొంతుకీ అదే మాట. ఎటూ తేల్చుకోలేకపోతే మనం ఊగిసలాట అంటాం, అందులో ఊగడం ఉంది. ఇంగ్లిష్ వాసిలేట్‌కి మూలమైన లాటిన్ మాటకీ అటూ ఇటూ ఊగడమనే అర్థం. మనసు కూడా కాళ్ల మీదే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది నాకు ఇవి చూస్తే. హెజిటేట్ మాత్రం వేరు. దాని లాటిన్ మూలానికి అర్థం అంటుకుపోవడం, ఇరుక్కుపోవడం. ముందుకు వెళ్లాలనే ఉంటుంది, కానీ కాలు ఊడి రాదు.

వాళ్ల నానమ్మతో వీడియో కాల్‌లో మా అమ్మాయికి జరిగేది సరిగ్గా అదే. "ఏం తల్లీ, నిన్న ఏం చేశావు?" అని మా అమ్మ అడుగుతుంది. పిల్ల "నేను... అమ్... నేను..." అని ఆగుతుంది. నేను పక్కనుంచి "నసగకుండా చెప్పు" అనేవాణ్ని, లేదా ఆ వాక్యం నేనే పూర్తి చేసేసేవాణ్ని. నసగడం ఇష్టం లేనివాళ్లు చేసే పని. నీళ్లు నమలడం దాచుకోవడానికి ఏదో ఉన్నవాళ్లు చేసే పని. నా బిడ్డది ఈ రెండూ కాదు. దారిలో ఒక మాట దొరక్క ఇరుక్కుపోయింది, అంతే. తెలుగులో ఇన్ని మాటలు తెలిసి, తప్పు మాట తన మీద పెట్టాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

1970ల్లో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో ఈ ఆగడాన్నే కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని చూపించింది. "అమ్" అనేదీ ఊరికే వచ్చే శబ్దం కాదు. హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో రాసిన దాని ప్రకారం, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు చిన్న ఆలస్యానికి "అ" అంటారు, పెద్ద ఆలస్యానికి "అమ్" అంటారు. అంటే మా అమ్మాయి ఇన్నాళ్లూ మాకు మర్యాదగానే చెబుతోంది, ఇంకాస్త టైమ్ పడుతుంది, ఉండండి అని.

ఇప్పుడు కాల్‌లో నేను తనకి కనబడకుండా వేళ్ల మీద మూడు లెక్కపెట్టుకుంటున్నాను. ఒక్కోసారి మూడు దాటి ఏడెనిమిది దాకా వెళుతుంది. మా అమ్మకీ చెప్పాను, ఆవిడ నాకంటే ఓపికగా ఆగుతుంది.

పోయిన ఆదివారం మోకాలికి ప్లాస్టర్‌తో ఫోన్ ముందు కూర్చుంది. "నానమ్మా, నిన్న నేను..." అని ఆగింది. నేను వేలు మడిచాను. "నేను సైకిల్ మీద... అదీ..." ఇంకో వేలు. "అదేంటంటే..." మూడోది. అమ్ అనలేదని నాకు అప్పుడు తట్టింది.

"తూలి పడ్డాను" అంది.

"అయ్యో తల్లీ, ఎన్నిసార్లు?" అంది మా అమ్మ.

"ఒక్కసారే. పదిహేడు కాదు."